సిర ద్వారా పోషణ పొందే రోగుల పరిచర్య

నోటి ద్వారా గాని, జీర్ణాశయంలోకి వేసిన గొట్టం ద్వారా గాని ఆహారం తీసుకోలేని రోగికి పోషకాలను నేరుగా రక్తంలోకి ఎక్కించే పద్ధతిని సిర ద్వారా పోషణ లేదా సిరపోషణ అంటారు. ఆంగ్లంలో దీని పేరు పేరెంటరల్ న్యూట్రిషన్. రోగికి కావలసిన ఆహారమంతా ఈ మార్గంలోనే అందుతూ ఉంటే దానిని టోటల్ పేరెంటరల్ న్యూట్రిషన్ అనీ, క్లుప్తంగా టి.పి.ఎన్. అనీ వ్యవహరిస్తారు. ఆసుపత్రులలో వాడుకలో ఉన్నది ఈ చివరి పేరే.

మనం తిన్న అన్నం రక్తంలో చేరేలోపు అనేక కాపలాలను దాటుతుంది. చెడిపోయిన పదార్థాన్ని ముక్కు, నాలుక పసిగడతాయి. జీర్ణాశయంలోని ఆమ్లం సూక్ష్మజీవులను చాలావరకు చంపుతుంది. ప్రేగు గోడ కావలసినదాన్ని పీల్చుకొని మిగిలినదాన్ని వదిలివేస్తుంది. ఆపైన కాలేయం ఉన్నది. సిరపోషణలో ఈ కాపలాలేవీ లేవు. సంచిలో ఉన్నది ఉన్నట్లుగా, గుండెకు అతి సమీపంలో, రక్తంలో కలిసిపోతుంది. అందువలన ఆ కాపలా పని మొత్తం నర్సు చేతుల మీద, కళ్ళ మీద పడుతుంది. ఈ వైద్యంలో జరిగే కీడులో ఎక్కువ భాగం నివారించదగినది. నివారణ మాత్రం రోగి మంచం దగ్గరే జరగాలి.

సెలైనుకు, సిరపోషణకు తేడా

నీరసంగా ఉన్నవారికి "గ్లూకోజు ఎక్కిస్తే" బలం వస్తుందన్న నమ్మకం మన ప్రాంతంలో బలంగా ఉన్నది. సాధారణంగా ఎక్కించే 5 శాతం గ్లూకోజు ద్రావణంలో, 500 మిల్లీలీటర్ల సీసాకు 25 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. దాని నుండి వచ్చే శక్తి సుమారు 85 కేలరీలు, అనగా రెండు చిన్న ఇడ్లీలలో ఉండేంత. మాంసకృత్తులు, కొవ్వు, విటమినులు అందులో అసలే లేవు. 60 కిలోల మనిషికి రోజుకు కావలసిన 1500 కేలరీలను ఈ ద్రావణంతోనే ఇవ్వాలంటే దాదాపు 9 లీటర్లు ఎక్కించాలి. అంత నీటిని ఏ గుండె, ఏ మూత్రపిండం భరించలేవు. సెలైను సీసా నీటి కొరతను, లవణాల కొరతను తీరుస్తుందే గాని ఆకలిని తీర్చదు. పది రోజులుగా సెలైను మీద ఉన్న రోగి నిజానికి పది రోజులుగా పస్తున్నట్లే. ఈ సంగతిని వైద్యుని దృష్టికి ముందుగా తేగలిగినది రోజూ రోగిని చూసే నర్సే.

చరిత్ర

సిరలోకి ఆహారం పంపాలన్న ఆలోచన పాతదే. లండనులోని సెయింట్ పాల్ కెథడ్రల్ నిర్మాతగా పేరుపొందిన క్రిస్టఫర్ రెన్ 1650ల దశకంలోనే పక్షి ఈకను సూదిగానూ, పంది మూత్రాశయాన్ని సంచిగానూ వాడి కుక్కల సిరలలోకి ద్రాక్షసారా వంటివి ఎక్కించాడు. 1832లో స్కాట్లండు వైద్యుడు థామస్ లాటా కలరా రోగుల సిరలలోకి ఉప్పునీరు ఎక్కించి కొందరిని బ్రతికించాడు. నేటి సెలైనుకు అదే ఆరంభం. అమెరికాలో రాబర్ట్ ఎల్మన్ 1930ల చివరలో మాంసకృత్తులను విడగొట్టి తయారు చేసిన ద్రావణాన్ని మనుషులకు ఇచ్చి చూశాడు. సురక్షితమైన కొవ్వు ద్రావణం మాత్రం చాలా కాలం చిక్కలేదు. స్వీడనుకు చెందిన ఆర్విడ్ వ్రెట్లిండ్ సోయా నూనెను గ్రుడ్డు సొనలోని ఫాస్ఫోలిపిడ్లతో కలిపి చేసిన ఇంట్రాలిపిడ్ 1960ల ఆరంభంలో వాడుకలోకి వచ్చింది.

మరొక అడ్డంకి గాఢత. చిక్కని ద్రావణం చేతి సిరను కొద్ది గంటలలోనే వాచేలా చేస్తుంది. పెద్ద సిరలోకి పంపితే వేగంగా పారే రక్తంలో అది వెంటనే పలుచబడుతుంది. ఫ్రెంచి వైద్యుడు రోబెర్ ఓబానియాక్ 1952లో మెడ ఎముక క్రింది పెద్ద సిరలోకి సూది వేసే విధానాన్ని వివరించి ఉండటం ఇక్కడ అక్కరకు వచ్చింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డుడ్రిక్, డగ్లస్ విల్మోర్, హ్యారీ వార్స్, జొనాథన్ రోడ్స్ కలిసి బీగిల్ జాతి కుక్కపిల్లలను కేవలం సిర ద్వారానే పోషించి, అవి మామూలు పిల్లలవలె పెరుగుతాయని చూపారు. 1967లో, పుట్టుకతో ప్రేగులలో అత్యధిక భాగం కోల్పోయిన ఒక పసిపాపను ఈ పద్ధతిలో పోషించారు. 1968లో ప్రచురించిన ఈ ఫలితాలతోనే ఆధునిక సిరపోషణ మొదలైనదని చెప్పవచ్చు.

ఎవరికి అవసరం

ప్రేగు పనిచేస్తూ ఉంటే ప్రేగునే వాడాలన్నది ఈ రంగంలో మొదటి సూత్రం. శస్త్రచికిత్సలో చిన్నప్రేగులో ఎక్కువ భాగం తీసివేసిన వారికి, ప్రేగులు చాలా రోజులుగా కదలిక లేక స్తంభించిన వారికి, ప్రేగుకు అడ్డంకి లేదా రంధ్రం ఏర్పడినవారికి, ప్రేగు నుండి చర్మం మీదికి దారి పడి తిన్నదంతా బయటకు పోతున్న వారికి, ఇంకా పాలు తాగే స్థితికి రాని నెలలు నిండని శిశువులకు సిరపోషణ అవసరమవుతుంది.

ఎంత త్వరగా మొదలుపెట్టాలన్న దానిపై అభిప్రాయాలు మారాయి. బెల్జియంలో 4640 మంది తీవ్ర చికిత్సా విభాగపు రోగులపై జరిపి 2011లో ప్రచురించిన ఎపానిక్ పరిశోధనలో, గొట్టపు ఆహారం చాలని రోగులకు ఆ కొరతను సిర ద్వారా పూరించడాన్ని ఎనిమిదవ రోజు వరకు ఆపినవారు, తొలి రోజులలోనే పొందినవారికంటే త్వరగా కోలుకున్నారు, వారిలో ఇన్ఫెక్షన్లు కూడా తక్కువే. బ్రిటనులో సుమారు 2400 మందిపై జరిపి 2014లో ప్రచురించిన క్యాలరీస్ పరిశోధనలో ముక్కు గొట్టం ద్వారా పోషణకు, సిర ద్వారా పోషణకు ముప్పై రోజుల మరణాలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కనుక సిరపోషణ విషమూ కాదు, తొందరపడి ఇవ్వవలసినదీ కాదు.

మార్గాలు

కొద్ది రోజులకైతే, ద్రావణపు గాఢత లీటరుకు 900 మిల్లీ ఆస్మోల్స్ మించనంతవరకు, చేతి సిర సరిపోతుంది. చేతి సిర వాచినా, ఎర్రబడినా, నొప్పి పెట్టినా సూదిని వెంటనే మార్చాలి. పూర్తి పోషణ ఇచ్చే ద్రావణం రక్తం కంటే ఐదారు రెట్లు గాఢంగా ఉంటుంది కాబట్టి దానికి కేంద్ర సిర కావాలి. మెడ సిర గుండా గాని, మెడ ఎముక క్రింది సిర గుండా గాని, మోచేతి పైభాగపు సిర గుండా గాని పంపిన క్యాథెటర్ కొన ఊర్ధ్వ మహాసిర గుండెను చేరే చోట ఉండాలి. మోచేతి పైనుండి వేసేదాన్ని పిక్ లైను అంటారు. కొన సరైన చోట ఉన్నదని ఎక్స్‌రే ద్వారా గాని, వైద్యుడు అంగీకరించిన మరో పద్ధతి ద్వారా గాని రూఢి కాకముందు సంచి తగిలించకూడదు.

సంచిలో ఏముంటుంది

పిండిపదార్థం స్థానంలో గ్లూకోజు, మాంసకృత్తుల స్థానంలో అమైనో ఆమ్లాలు, కొవ్వుగా పాలవలె తెల్లగా ఉండే నూనె ద్రావణం ఉంటాయి. గ్లూకోజు గ్రాముకు 3.4 కేలరీలు, అమైనో ఆమ్లాలు గ్రాముకు 4 కేలరీలు ఇస్తాయి. 20 శాతం కొవ్వు ద్రావణం మిల్లీలీటరుకు 2 కేలరీలు ఇస్తుంది. వీటికి సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేటు, విటమినులు, జింకు, రాగి, సెలీనియం వంటి సూక్ష్మ ఖనిజాలు కలుపుతారు. పెద్దవారికి సాధారణంగా రోజుకు, శరీరపు బరువులో కిలోకు 20 నుండి 30 కేలరీలు లెక్కగడతారు. ఎంత ఇవ్వాలన్నది వైద్యుడు రోగిని బట్టి నిర్ణయించేదే.

మూడు గదులుగా విభజించిన తయారు సంచులు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి. తగిలించే ముందు సంచిని చుట్టి, గదుల మధ్య అతుకులు విడిపోయేలా నొక్కి, మూడింటినీ పూర్తిగా కలపాలి. ఒక అతుకు విడిపోకుండా తగిలిస్తే రోగికి ఒక గదిలోని ద్రావణం మాత్రమే ఎక్కుతుంది. ఇటువంటి సంచులలో సాధారణంగా విటమినులు, సూక్ష్మ ఖనిజాలు ఉండవు, వాటిని విడిగా రాయించుకొని కలపవలసి ఉంటుంది. ఇది మరచిపోవడం చిన్న విషయం కాదు. 1997లో అమెరికాలో సిరపోషణకు వాడే విటమిను మందుల కొరత ఏర్పడినప్పుడు, థయామిన్ లేని సంచులు ఎక్కించుకున్న ముగ్గురు రోగుల రక్తంలో లాక్టిక్ ఆమ్లం ప్రమాదకరంగా పెరిగింది. గ్లూకోజును శక్తిగా మార్చడానికి థయామిన్ కావాలి. అది లేకుండా గ్లూకోజు పోయడమంటే ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. అలాగే క్రోమియం లోపం మనిషిలో ఎలా కనిపిస్తుందో తెలిసినది కూడా దీర్ఘకాలం సిరపోషణ మీద ఉన్న ఒక రోగిని గమనించడం వలననే. కెనడాలో ఖుర్షీద్ జీజీభాయ్ బృందం దీనిని 1977లో ప్రచురించింది.

సంచి తగిలించే ముందు

సంచి మీది పేరును, నంబరును రోగి చేతి పట్టీతో పోల్చాలి. సంచి మీది పదార్థాలను, ఎక్కించవలసిన వేగాన్ని వైద్యుని ఆదేశంతో ఒక్కొక్కటిగా సరిచూడాలి. మరొక నర్సు కూడా విడిగా సరిచూస్తే మేలు. గ్రుడ్డు, సోయా పడనివారా అని మొదటి సంచికి ముందే అడగాలి. కొవ్వు ద్రావణంలో గ్రుడ్డు సొన పదార్థం ఉన్నదని, శాకాహార నియమం పాటించే కుటుంబాలకు చెప్పి వారి సమ్మతి తీసుకోవడం మర్యాద.

తరువాత సంచిని వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడాలి. బాగున్న కొవ్వు మిశ్రమం అంతటా ఒకే తెలుపుతో ఉంటుంది. పైన పసుపు నూనె తెట్టు కట్టినా, నూనె బొట్లు తేలినా ఆ సంచి "విరిగిపోయినది". దానిని ఊపి సరిచేయడానికి ప్రయత్నించకుండా వెనక్కి పంపాలి. కాల్షియం, ఫాస్ఫేటు కలిసి గడ్డకట్టడం ఇంతకంటే ప్రమాదం, ఎందుకంటే కొవ్వు తెలుపులో ఆ రేణువులు కంటికి కనబడవు. ఇటువంటి రేణువులు ఊపిరితిత్తులలో చిక్కుకొని ఇద్దరు మరణించిన మీదట 1994లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసి, గొట్టంలో వడపోత వాడమని సూచించింది. కొవ్వు కలిసిన మిశ్రమానికి 1.2 మైక్రాన్ల వడపోత వాడతారు. వడపోత మూసుకుపోయి పంపు అలారం మోగితే వడపోతను తీసివేసి ఎక్కించకూడదు. అది మూసుకుపోయిందంటే లోపల ఏదో ఉన్నదని చెబుతున్నట్లే.

కలిపిన సంచులను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య చల్లగా దాచి, తగిలించడానికి సుమారు గంట ముందు బయట పెట్టాలి. వేడినీటిలో ముంచడం, మైక్రోవేవులో పెట్టడం తగవు.

ఇంకొక ముఖ్య నియమం, వార్డులో సంచిలోకి ఏ మందునూ ఎక్కించరాదు. 2011లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, కలిపే చోటనే కలుషితమైన సంచుల వలన 19 మంది రోగుల రక్తంలో సెరేషియా అనే బ్యాక్టీరియా చేరింది. వారిలో 9 మంది మరణించారు. ప్రత్యేకమైన శుభ్రగదిలోనే ఇంత జరిగితే, వార్డు బల్ల మీద కలపడం ఎంత ప్రమాదమో ఊహించవచ్చు.

క్యాథెటర్ సంరక్షణ

సిరపోషణ పొందే రోగికి అతి పెద్ద ముప్పు క్యాథెటర్ గుండా రక్తంలోకి చేరే సూక్ష్మజీవులు. గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, కొవ్వు మనిషికి ఎంత ఆహారమో బ్యాక్టీరియాకు, కాండిడా వంటి శిలీంధ్రాలకు అంతే ఆహారం. క్యాథెటర్‌ను తాకే ప్రతిసారీ ఒక అవకాశం ఇస్తున్నట్లే కనుక, తాకే సందర్భాలను తగ్గించడం మొదటి పని, తాకినప్పుడు శుభ్రంగా తాకడం రెండవది.

క్యాథెటర్‌కు రెండు మూడు దారులు ఉంటే వాటిలో ఒకదానిని సిరపోషణకే కేటాయించి, దాని మీద గుర్తు వ్రాసి ఉంచాలి. ఆ దారిలో యాంటీబయాటిక్ ఇవ్వరాదు, రక్తం ఎక్కించరాదు, పరీక్షకు రక్తం తీయరాదు. సెఫ్ట్రియాక్సోన్ వంటి మందులు కాల్షియంతో కలిస్తే గడ్డలు కడతాయి. రక్తం తీయడంలో మరొక చిక్కు కూడా ఉన్నది. ఉన్నట్టుండి రోగి చక్కెర 800 అని, పొటాషియం ప్రాణాంతక స్థాయిలో ఉన్నదని పరీక్షాఫలితం వస్తే, చికిత్స మొదలుపెట్టే ముందు ఆ రక్తం ఎక్కడినుండి తీశారో అడగాలి. సంచిలోని ద్రావణం రక్తంతో కలిసి పరీక్షాగారానికి వెళ్ళి ఉండవచ్చు. అటువంటి అంకెను నమ్మి ఇన్సులిన్ ఇస్తే రోగికి ప్రాణాపాయం.

గొట్టం విప్పే ముందు చేతులు కడుక్కొని, కలిపే మూతిని ఆల్కహాలు లేదా క్లోర్‌హెక్సిడిన్ కలిసిన ఆల్కహాలు దూదితో 15 సెకన్లపాటు గట్టిగా రుద్ది ఆరనివ్వాలి. పైపైన తుడవడం చాలదు. రుద్దడమే సూక్ష్మజీవులను ఊడదీసేది, ఆరడమే వాటిని చంపేది. క్యాథెటర్ చర్మంలోకి దిగే చోట పారదర్శకమైన కట్టు వేసి, ఏడు రోజులకొకసారి మార్చాలి. గాజుగుడ్డ కట్టు అయితే రెండు రోజులకొకసారి మార్చాలి. తడిసినా, ఊడినా, మాసినా గడువు కోసం చూడకుండా వెంటనే మార్చవలసినదే. మన ఎండాకాలంలో చెమటకు కట్టు అంచులు లేవడం మామూలే గనుక షిఫ్టుకొకసారి చూడాలి. సంచిని, దాని గొట్టాన్ని, వడపోతను 24 గంటలకొకసారి మార్చాలి. కొవ్వును విడిగా ఎక్కిస్తుంటే దాని సీసాను 12 గంటలకు మించి వ్రేలాడదీయరాదు. సంచిలో కొంచెం మిగిలినదని, ఖరీదైనదని గడువు దాటించడం వార్డులలో తరచు కలిగే ప్రలోభం. మిగిలినది పారవేయవలసినదే.

ఈ చిన్న పనుల ఫలితం ఎంతటిదో మిచిగన్ అనుభవం చూపింది. అమెరికాలోని ఆ రాష్ట్రపు తీవ్ర చికిత్సా విభాగాలలో పీటర్ ప్రొనవోస్ట్ బృందం ఐదు అంశాలను అమలు చేసింది: చేతులు కడగడం, క్యాథెటర్ వేసేటప్పుడు నిలువెల్లా శుభ్రవస్త్రాలు కప్పడం, క్లోర్‌హెక్సిడిన్ వాడడం, వీలైనంతవరకు తొడ సిరను వదలడం, అవసరం తీరిన క్యాథెటర్‌ను తీసివేయడం. వెయ్యి క్యాథెటర్ రోజులకు 2.7గా ఉన్న ఇన్ఫెక్షన్ల మధ్యగతం మూడు నెలలలో సున్నాకు చేరింది. 2006లో ఇది ప్రచురితమైనది. ఇందులో కొత్త మందు గాని, కొత్త యంత్రం గాని లేదు. గమనించవలసిన విశేషం మరొకటి ఉన్నది. ఏదైనా అంశం తప్పితే, అత్యవసరం కాని పక్షంలో, వైద్యుడిని ఆపే అధికారాన్ని నర్సులకు ఇచ్చారు. పెద్ద డాక్టరు ముందు నోరు విప్పడం కష్టంగా ఉండే చోట ఈ అధికారం లేకుండా మిగిలిన నాలుగు కాగితాలు ఉన్నా ప్రయోజనం తక్కువ.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, ముఖ్యంగా సంచి తగిలించిన కొద్దిసేపటికే చలి, వణుకు వచ్చినా క్యాథెటర్‌ను అనుమానించాలి. సంచిని ఆపి, వైద్యునికి తెలియజేసి, క్యాథెటర్ నుండి ఒకటి, చేతి సిర నుండి ఒకటి చొప్పున రక్తపు కల్చర్లు యాంటీబయాటిక్ మొదలుకాక ముందే తీయాలి. వృద్ధులలో, పసివారిలో జ్వరం లేకుండానే చక్కెర కారణం లేకుండా పెరగడం, మందకొడితనం తొలి సూచనలు కావచ్చు.

ఎక్కుతున్నప్పుడు పర్యవేక్షణ

ద్రావణాన్ని ఇన్ఫ్యూజన్ పంపు ద్వారానే ఎక్కించాలి. ఆలస్యమైన సంచిని త్వరగా పూర్తి చేయడానికి వేగం పెంచకూడదు. ఆలస్యమైనది ఆలస్యమైనట్లే వదిలివేయాలి. పంపు లేని చోట "సీసా త్వరగా అయిపోతే మంచిది" అనుకొని సహాయకులు గొట్టం చక్రాన్ని త్రిప్పే ప్రమాదం ఉన్నది గనుక వారికి ముందే వివరించాలి. పెద్దవారిలో గ్లూకోజు, కిలో బరువుకు నిమిషానికి 4 నుండి 5 మిల్లీగ్రాములు మించకుండా చూస్తారు.

మొదటి రోజులలో ఆరు గంటలకొకసారి రక్తపు చక్కెర చూస్తారు. ఆసుపత్రి రోగులలో డెసిలీటరుకు 140 నుండి 180 మిల్లీగ్రాముల మధ్య ఉంచడం సాధారణ లక్ష్యం. సంచి అయిపోయి తరువాతిది రాకపోతే, వైద్యుని ఆదేశంతో 10 శాతం గ్లూకోజును అదే వేగంతో ఎక్కిస్తారు. ఇన్సులిన్ తీసుకుంటున్నవారిలో, చిన్నపిల్లలలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. ఇన్సులిన్ కలిపిన సంచి ఆగినా, చర్మం క్రింద ఇచ్చిన ఇన్సులిన్ కొనసాగుతూనే ఉంటుందని గుర్తుంచుకోవాలి.

ప్రతి ఉదయం అదే వేళకు, అదే తూనిక మీద, అటువంటి బట్టలతోనే బరువు చూడాలి. రోజుకు అరకిలో మించి పెరుగుతూ ఉంటే అది కండ కాదు, నీరు. ఎక్కినది, మూత్రంగాను, వాంతిగాను, గొట్టాల ద్వారాను పోయినది ప్రతి షిఫ్టులో లెక్కవేయాలి. లవణాలు మొదట రోజూ, నిలకడ వచ్చాక వారానికి ఒకటి రెండు సార్లు చూస్తారు. కాలేయ పరీక్షలు, ట్రైగ్లిజరైడులు వారానికొకసారి. ట్రైగ్లిజరైడులు 400 దాటితే కొవ్వు తగ్గించే విషయం వైద్యునితో మాట్లాడాలి. మత్తుకు వాడే ప్రొపోఫోల్ కూడా కొవ్వు ద్రావణమే, మిల్లీలీటరుకు 1.1 కేలరీలు ఇస్తుంది. దీనిని లెక్కలో చేర్చడం తరచు మరుగున పడుతుంది.

పస్తు తరువాతి పోషణ ప్రమాదం

చాలా రోజులు తిండి లేని శరీరానికి ఒక్కసారిగా ఆహారం ఇస్తే మేలు బదులు కీడు జరగవచ్చు. దీనిని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, బందీ శిబిరాల నుండి విడుదలైన వారికి తిండి పెట్టినప్పుడు కొందరిలో ఇటువంటి లక్షణాలు కనిపించాయి. పస్తున్న శరీరంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం నిలువలు తరిగిపోయి ఉంటాయి. గ్లూకోజు రాగానే ఇన్సులిన్ పెరిగి, మిగిలిన కొద్దిపాటి ఫాస్ఫేటును కణాలలోకి లాగుతుంది. రక్తంలో ఫాస్ఫేటు పడిపోతుంది. శక్తిని మోసే ఎ.టి.పి. తయారీకి ఫాస్ఫేటు కావాలి కనుక శ్వాసకండరాలు నీరసిస్తాయి, గుండె లయ తప్పుతుంది, కాళ్ళు వాస్తాయి, రోగి తికమకపడతాడు.

రక్తంలో ఫాస్ఫరసును కొలిచే ప్రసిద్ధ పద్ధతిని 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్కుతో కలిసి ప్రచురించినది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నది ఇక్కడ చెప్పుకోదగినది. కండరాలలో ఎ.టి.పి.ని కనుగొన్నవారిలో కూడా వారిద్దరూ ఉన్నారు.

శరీర ద్రవ్యరాశి సూచిక 16 కంటే తక్కువ ఉన్నవారు, మూడు నుండి ఆరు నెలలలో 15 శాతం పైగా బరువు తగ్గినవారు, పది రోజులకు పైగా దాదాపు ఏమీ తిననివారు, ముందే ఈ లవణాలు తక్కువ ఉన్నవారు ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్లు లెక్క. వీరికి కిలోకు 10 కేలరీల వంటి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి కొద్ది రోజులలో పెంచుతారు. థయామిన్‌ను మొదటి సంచికి ముందే ఇస్తారు. ఎన్ని రోజులుగా తినలేదో, బరువు ఎంత తగ్గారో అడిగి వ్రాసుకోవడం నర్సు పని. "నెల నుంచి గంజి నీళ్ళే తాగుతున్నాడు" అని రోగి భార్య వార్డు గుమ్మం దగ్గర చెప్పే మాట కేసు షీటులోకి ఎక్కకపోతే ఈ జాగ్రత్తలేవీ మొదలు కావు.

ఇతర ఉపద్రవాలు

క్యాథెటర్ ఊడినా, మూత లేకుండా తెరచి ఉన్నా గాలి సిరలోకి పోవచ్చు. రోగి ఉన్నట్టుండి ఆయాసపడి, గుండె నొప్పి అని, సొమ్మసిల్లితే, వెంటనే క్యాథెటర్‌ను బిగించి, రోగిని ఎడమ ప్రక్కకు తిప్పి, తల వైపు దించి, ఆక్సిజన్ ఇస్తూ వైద్యుని పిలవాలి. దీర్ఘకాలంలో కాలేయంలో కొవ్వు చేరడం, పిత్తం నిలిచిపోవడం, పిత్తాశయంలో రాళ్ళు, ఎముకలు పలుచబడటం కలుగుతాయి.

నోరు, మనసు

తినకపోయినా నోటికి పని ఉంటుంది. లాలాజలం తగ్గి నాలుక ఎండి, పుండ్లు పడతాయి, దవడ గ్రంథి వాచవచ్చు. రోజుకు రెండు మూడు సార్లు పళ్ళు తోమించి, పెదవులకు తడి ఇవ్వాలి. వైద్యుడు అనుమతిస్తే మంచుముక్క చప్పరించనివ్వవచ్చు.

కడుపు నిండినట్లు అనిపించకపోవడం సిరపోషణలో మామూలే. పక్క మంచం దగ్గర టిఫిను డబ్బా మూత తీసినప్పుడు రోగికి కలిగే బాధను పైకి చెప్పరు గాని, అది నిజమైన బాధ. వీలైతే భోజనాల వేళ అటు ఇటు నడిపించడం, తెర వేయడం ఉపకరిస్తాయి. జాలిపడి బంధువులు రహస్యంగా చెంచాడు పెరుగన్నం పెట్టే సందర్భాలు ఉంటాయి. కసిరే బదులు, ప్రేగు కుట్లు ఇంకా మానలేదని, ఆ చెంచాడన్నం కడుపులోకి కారితే మళ్ళీ ఆపరేషను కావచ్చని వివరిస్తే వింటారు.

పసిపిల్లలు

నెలలు నిండని శిశువుకు పుట్టిన రోజు నుండే అమైనో ఆమ్లాలు ఇస్తారు. తొలి రోజులలో బొడ్డు సిర గుండా ఎక్కించే వీలున్నది. పరిమాణాలు చాలా చిన్నవి గనుక దశాంశ స్థానం ఒక్కటి తప్పినా పదింతల తేడా వస్తుంది. వెలుతురు తగిలితే ద్రావణంలో పెరాక్సైడులు ఏర్పడతాయి కాబట్టి సంచికి, గొట్టానికి కూడా తొడుగు వేస్తారు. పాలు తాగని శిశువుకు చప్పరించే అలవాటు పోకుండా ఖాళీ చనుమొన నోటికి అందిస్తారు. పిల్లలలో పిత్తం నిలిచి కామెర్లు వచ్చే ప్రమాదం ఎక్కువ. అటువంటి పిల్లలకు చేపనూనెతో చేసిన కొవ్వు ద్రావణాన్ని అమెరికా 2018లో అనుమతించింది.

ఇంటివద్ద సిరపోషణ

ప్రేగు శాశ్వతంగా పనిచేయనివారు ఏళ్ళ తరబడి ఇంటి వద్దనే ఈ పోషణ పొందగలరు. చర్మం క్రింద సొరంగం చేసి అమర్చే బ్రోవియాక్ క్యాథెటర్ 1973లోను, హిక్‌మన్ క్యాథెటర్ 1979లోను వైద్య పత్రికలలో వెలువడిన తరువాత ఇది సులువైనది. రాత్రి 10 నుండి 14 గంటలు ఎక్కించుకొని పగలు ఉద్యోగానికి, బడికి వెళతారు. ఇంటికి పంపే ముందు రోగితో పాటు కుటుంబంలో కనీసం మరొకరు చేతులు కడగడం నుండి సంచి విప్పడం వరకు నర్సు ఎదుట చేసి చూపాలి. సంచులు దాచడానికి శుభ్రమైన ఫ్రిజు, కరెంటు పోతే పంపు నడవడానికి బ్యాటరీ, జ్వరం వస్తే రాత్రయినా ఫోను చేయదగిన నంబరు ఉన్నాయా అని ముందే చూడాలి.

సిరపోషణ ఆపడం

ప్రేగు కోలుకుంటున్న కొద్దీ నోటి ఆహారం పెంచుతూ సంచిని తగ్గిస్తారు. అవసరమైన దానిలో 60 నుండి 75 శాతం నోటి ద్వారా గాని, గొట్టం ద్వారా గాని అందుతూ ఉంటే ఆపవచ్చును. తిన్నది ఎంతో అంచనాగా గాక, ఎన్ని ఇడ్లీలు, ఎన్ని గరిటెల అన్నం, ఎంత మజ్జిగ అని వ్రాస్తేనే ఆహార నిపుణులు లెక్కగట్టగలరు. క్యాథెటర్ తీసేటప్పుడు రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, గాలి బయటికి వదిలేటప్పుడు గాని, ఊపిరి బిగబట్టి ముక్కినప్పుడు గాని లాగి, వెంటనే గట్టిగా అదిమి, గాలి చొరని కట్టు వేయాలి. తీసిన క్యాథెటర్ కొన విరగలేదని, పొడవు వేసినప్పుడు వ్రాసిన కొలతకు సరిపోయినదని చూసి కేసు షీటులో నమోదు చేయాలి. ఆ తరువాత కనీసం అరగంట రోగి పడుకొనే ఉండాలి.